ట్రాక్టరు ఇంజను ఆయిలులో నీరు – కనిపెట్టు విధము

పల్నాటి రైతులకు ట్రాక్టరు నేడు క్రొత్త వస్తువు కాదు. 1967వ సంవత్సరము ఆగస్టు మాసమున నాగార్జునసాగరము కాలువలకు నీరు విడిచిన పిమ్మట కుడికాలువ క్రింద మెట్ట చేలు అనేకము సాగునీటి భూములైనవి. ఎద్దుల అరకతో సకాలమునకు తెమలని పని పెరిగినది. ఆ పనితోపాటు ట్రాక్టరును వచ్చినది. అయితే మన సంఘ సభ్యులలో పెక్కుమంది వాకిళ్లలో నిలిచియున్నవి క్రొత్త బండ్లు కావు. పదునైదు, ఇరువది, ఒక్కొక్కచోట ముప్పది యేండ్లు దుక్కి దున్ని, దమ్ము చేసి, ట్రక్కు లాగి, ఇద్దరు ముగ్గురు యజమానుల చేతులు మారిన బండ్లు. ఇట్టి బండికి వచ్చు వ్యాధులలో మిక్కిలి మోసకరమైనది ఒకటి కలదు. అది యేమనగా, ఇంజనును చల్లబరచుటకై పోసిన నీరు లోలోపలనే కారి ఇంజను ఆయిలులో కలియుట. బయట ఒక్క చుక్కయు కానరాదు.

మోసకరమని యేల అనుచున్నాము? టైరు పగిలిన బండి నిలిచిపోవును. బ్యాటరీ చచ్చిన బండి కదలదు. ఆయిలులో నీరు కలిసిన బండి మాత్రము నాలుగు దినములు, ఒక్కొక్కప్పుడు నెల దినములు, ఏమియు నెరుగనట్లు పనిచేయుచునే యుండును. క్రాంకునకును దాని బేరింగులకును నడుమ నుండునది వెంట్రుకకంటె పలుచనైన ఆయిలు పొర. ఇనుము ఇనుమును తాకకుండ నిలుపునది ఆ పొరయే. నీరు కలిసిన ఆయిలు ఆ బరువును మోయజాలదు. పొర తెగును, బేరింగు అరుగును, తుదకు క్రాంకు గీతలు పడును, లేదా ఇంజను పట్టివేయును. మొదట చెడినది ఒక రబ్బరు ఓరింగు. దాని వెల ఇద్దరు ముగ్గురు కూలీల దినవేతనమునకు మించదు. తుదకు మార్చవలసి వచ్చునవి క్రాంకు, బేరింగులు, స్లీవులు, పిస్టనులు. ఒక ఎకరము మిరపకు పెట్టు పెట్టుబడిలో మంచి భాగము అందులకు పోవును. పని కాలమున పక్షము దినములు బండి లేకుండుట దీనికి అదనము.

ఈ పాఠము మెకానిక్కుల కొరకు వ్రాసినది కాదు. హెడ్డు విప్పుట, స్లీవు లాగుట వారి పని. దానికి ముందు రైతు తన కన్నులతో చూడదగినవి, తన చేతులతో చేయదగినవి కొన్ని కలవు. ఇందు రెండు సంగతులు ముఖ్యము. ఆయిలు తెల్లబడిన ఇంజనును మరల స్టార్టు చేయరాదు. నీరు ఏ త్రోవను వచ్చుచున్నదో కొంతవరకైనను తేలక పూర్వము హెడ్డు విప్పింపరాదు. రెండవ మాట కొందరికి వింతగా తోచవచ్చును. హెడ్డు ఎత్తిన క్షణమున గాస్కెట్టు కదలిపోవును. పైనున్న నీరు స్లీవులలోనికిని చాంబరులోనికిని జారును. అంతటితో సాక్ష్యము చెడిపోవును. ఆ తరువాత ఎవరిని అడిగినను గాస్కెట్టు పోయినదనియే చెప్పుదురు. క్రొత్త గాస్కెట్టు వేసి బిగింతురు. వారము దినములకు ఆయిలు మరల తెల్లబడును.

ఆయిలు గేజి చెప్పు సంగతి

ప్రతిదినము ప్రాతఃకాలమున, బండి సమతలమైన చోట నిలిచియుండగా, స్టార్టు చేయకముందు ఆయిలు గేజి తీసి చూడవలెనని బండితో వచ్చిన పుస్తకములో వ్రాసియుండును. చూచువారు కొద్దిమంది. ఆ చూచువారును ఆయిలు తగ్గినదా యని మాత్రమే చూతురు. పెరిగినదా యని చూచువారు అరుదు. ఇంజను ఆయిలు తనంత తాను పెరుగు వస్తువు కాదు. పాత ఇంజను కొంత ఆయిలును కాల్చుకొనును గనుక మట్టము నెమ్మదిగా తగ్గుచుండుటయే సహజము. తగ్గవలసినది తగ్గక నిలిచినను, పై గీతను దాటినను, లోనికి వేరొకటి చేరుచున్నదని అనుమానింపవలెను.

గురజాల ప్రాంతమున ఒక సభ్యుని బండిని కొన్ని సంవత్సరముల క్రిందట మేము చూచితిమి. ప్రత్తి విత్తు దినములు. రేడియేటరునకు రెండు మూడు దినముల కొకసారి చెంబెడు నీరు పట్టుచుండెను. డ్రైవరు పోయుచునే యుండెను; ఎండకు ఆవిరియై పోవుచున్నదని అతని తలంపు. యజమాని మాత్రము సంతోషముగా నుండెను. “పాతబండి యన్న మాటే గాని, పదునైదు దినములుగా ఆయిలు చుక్క త్రాగలేదండీ” అని మాతో ననెను. నీరు తగ్గుచున్న సంగతి డ్రైవరునకు తెలియును, ఆయిలు తగ్గకున్న సంగతి యజమానికి తెలియును. రెంటిని ఒకచోట చేర్చినవారు లేరు. గేజి తీయించితిమి. ఆయిలు పై గీతకు అంగుళము మీదనుండెను. రంగు పాలు పోసిన కాఫీ రంగు. అప్పుడే బండి నిలిపి చాంబరు దింపగా ఒక స్లీవు క్రింది ఓరింగు చెడినదని తేలెను. బేరింగులు రెండు అప్పటికే గీతలు పడియుండెను. క్రాంకునకు మాత్రము ముప్పు రాలేదు.

రంగును గూర్చి ఒక హెచ్చరిక. నీరు చేరిన పిదప ఇంజను నడచినచో రెండును చిలుకబడి ఆయిలు తెల్లబడును. నీరు రాత్రి వేళ, ఇంజను ఆగియుండగా జారినదైనచో చిలుకబడదు. నీరు ఆయిలుకంటె బరువైనది గనుక చాంబరు అడుగున చేరి యుండును. గేజిమీద ఆయిలు నిర్మలముగానే కనుపించును. కావున రంగు మారలేదని నిశ్చింతగా నుండరాదు. అనుమానమున్నచో బండిని రాత్రియంతయు కదలింపక నిలిపి, ఉదయమున చాంబరు డ్రెయిను బోల్టును మెల్లమెల్లగా వదులు చేసి, క్రింద ఒక గాజు పాత్ర నుంచవలెను. మొదట వచ్చునది ఆయిలైనచో మంచిది. నీరు వచ్చి ఆ వెనుక ఆయిలు వచ్చినచో ఇక వేరు సాక్ష్యము అక్కరలేదు. వెంటనే బోల్టు బిగించి, వచ్చిన నీరు ఎంతయో గుర్తుంచుకొనవలెను. ఆ నీటికి కూలెంటు రంగు ఉన్నదో లేదో కూడ చూడవలెను. రేడియేటరులో పచ్చని కూలెంటు పోసియుండగా చాంబరులో రంగులేని నీరు వచ్చినచో అది వేరు చోటనుండి వచ్చినదని తెలియును.

ఇంకొక సులభమైన పరీక్ష వంటింటిలోనిదే. పనికిరాని ఇనుప పెనమును బాగుగా కాచి, పొయ్యి ఆర్పి, దూరముగా తెచ్చి పెట్టి, అనుమానపు ఆయిలును ఒక్క చుక్క వేయవలెను. శుద్ధమైన ఆయిలు పొగలు చిమ్మునుగాని చప్పుడు చేయదు. నీరున్నచో తాలింపులో తడి కరివేపాకు పడినట్లు చిటపటలాడును. ముఖము పెనము మీదికి వంచరాదు.

నీరు కానిదానిని నీరనుకొనుట

ఆయిలు మట్టము పెరుగుటకు నీరొక్కటియే కారణము కాదు. డీజిలు పంపులోని డయాఫ్రము చినిగినను, పెద్దపంపు సీలు పోయినను డీజిలు చాంబరులోనికి కారును. అప్పుడు ఆయిలు తెల్లబడదు; పలుచబడును. వ్రేళ్ల నడుమ రుద్దినచో జిగి యుండదు, వాసనయే చెప్పును. ఇదియు బేరింగులకు చేటే, ఇంజను నడుపరాదు. అయితే హెడ్డుతో దీనికి ఏ సంబంధమును లేదు.

చలి దినములలో బండిని ఐదు పది నిమిషములు మాత్రము నడిపి ఆపుచుండినచో ఆయిలు పోయు మూత క్రింద తెల్లని నురుగు కొంచెము కట్టును. ఇంజను లోని ఆవిరి చల్లబడి పేరుకొనుటయే దీనికి కారణము. గేజిమీది ఆయిలు సరియైన రంగులో నుండి, మట్టము పెరుగక, రేడియేటరు నీరు తగ్గకున్నచో భయపడనక్కరలేదు. ఒక పూట నిండు పని చేయించినచో ఆ నురుగు పోవును.

తుపాను వానలలో చేనిగట్టున మూత లేని సైలెన్సరుతో బండిని విడిచిపెట్టువారికి మరియొక సంగతి. నిలువు గొట్టము గుండ వాన నీరు దిగి, తెరచియున్న వాల్వు ద్వారా స్లీవులోనికి పోవును. రింగుల సందులనుండి చాంబరు చేరును. ఇది రేడియేటరు నీరు కాదు గనుక రేడియేటరు నిండుగానే యుండును. ఇట్టి బండిని తెలియక స్టార్టు చేసినచో ఆయిలు తెల్లబడుట అటుంచి, కనెక్టింగు రాడ్డు వంగిపోవును. నీరు గాలివలె నలుగదు. పిస్టను మీద నిలిచియున్న నీటిని పైకి నెట్టబోయి రాడ్డు తానే వంగును. నాజిళ్లు ఊడదీసి, ఇంజనును చేతితో నెమ్మదిగా త్రిప్పి, ఏ కన్నమునుండియు నీరు చిమ్ముట లేదని చూచిన తరువాతనే సెల్ఫు కొట్టవలెను. రేడియేటరు నీరు స్లీవులోనికి దిగినదన్న అనుమానమున్నపుడును ఇదే జాగ్రత్త. ఒక డబ్బారేకును సైలెన్సరు మీద బోర్లించుటకు ఎంత శ్రమ?

దమ్ము చేసిన పిదప గేరుపెట్టె ఆయిలు తెల్లబడినదని చెప్పి హెడ్డు విప్పింపబోయిన వారిని కూడ ఎరుగుదుము. గేరుపెట్టె వేరు, ఇంజను చాంబరు వేరు. బురద నీటిలో లోతుగా దిగిన బండికి ఇరుసు సీళ్లనుండియో గేరురాడ్డు తొడుగునుండియో నీరు చేరుట తరచు జరుగునదే. ఏ ఆయిలు తెల్లబడినదో ముందు నిశ్చయించుకొనవలెను.

ఏది దేనిలోనికి పోవుచున్నది?

పై వాటినన్నిటిని విడిచి, రేడియేటరు నీరే ఇంజను ఆయిలులోనికి వచ్చుచున్నదని తేలినదనుకొందము. ఇక త్రోవ వెదకవలెను. ఇచ్చట కొంచెము ఆలోచింపవలసియున్నది. ఇంజను నడచుచున్నపుడు లోపల మూడు విధములైన ఒత్తిడులుండును. రేడియేటరు మూత 7 పౌనులదైనచో నీటి ఒత్తిడి చదరపు అంగుళమునకు 7 పౌనులకు ఇంచుమించుగా మించదు. ఆయిలు పంపు నెట్టు దారులలో ఒత్తిడి 40, 50 పౌనుల ప్రాంతమున నుండును. స్లీవులో డీజిలు మండునపుడు పుట్టు ఒత్తిడి వేయి పౌనులకు అటునిటుగా నుండును. ఎగువ కాలువనుండి దిగువకు నీరు పారినట్లు, ఎక్కువ ఒత్తిడి గల చోటినుండి తక్కువ గల చోటికే కారుట జరుగును. దీనిని బట్టి రేడియేటరు మూత తీసి చూచియే సగము సంగతి గ్రహింపవచ్చును.

మూత తీయుట యన్నాము గాని, ఇంజను చేయి పెట్టదగినంత చల్లబడినపుడే తీయవలెను. కాగిన రేడియేటరు మూత త్రిప్పి ముఖము కాల్చుకొన్నవారు ప్రతి మండలమునను ఉందురు.

మొదట నీటి పైభాగమును చూడవలెను. ఆయిలు మీగడవలె తేలుచున్నదా? అట్లయినచో ఒత్తిడిగల ఆయిలు దారికిని నీటి దారికిని నడుమ గోడ తెగినది. ఇంజను నడచునపుడు బలమైన ఆయిలు నీటిలోనికి పోవును. ఇంజను ఆపిన వెంటనే ఆయిలు ఒత్తిడి సున్న యగునుగాని కాగియున్న నీటి ఒత్తిడి కొంతసేపు నిలుచును, అప్పుడు నీరు ఆయిలులోనికి పోవును. రెండును చెడును. ఇట్టిచోట వెదకవలసినవి హెడ్డు గాస్కెట్టులో ఆయిలు కన్నము చుట్టునున్న భాగము, ఆయిలు కూలరు గల ఇంజనైనచో ఆ కూలరు, హెడ్డులోనో బ్లాకులోనో బీట. కూలరు ఉన్నచో దానినే ముందు చూడుమని మా సలహా. హెడ్డుకంటె దానిని విప్పుట తేలిక.

ఆయిలు తేలుట లేదు గాని బుడగలు వచ్చుచున్నవా? దీనిని చల్లని ఇంజనుమీదనే చూడవలెను. ఫ్యాను బెల్టు తీసివేసి, రేడియేటరును అంచువరకు నింపి, మూత లేకుండ ఒక్క నిమిషము మాత్రము ఇంజను నడుపవలెను. బెల్టు తీయుట యెందులకనగా వాటరు పంపు నీటిని కలచి బుడగలు పుట్టించి మనలను భ్రమింపజేయకుండుటకు. ఆయిలు అప్పటికే తెల్లబడియున్నచో దానిని తీసి మంచి ఆయిలు పోసిన తరువాతనే, నాజిళ్లు తీసి త్రిప్పి చూచిన తరువాతనే ఈ పరీక్ష చేయవలెను. నీరు కాగకముందే బుడగలు తెంపులేకుండ పైకి వచ్చినచో స్లీవులోని మంటగాలి నీటిలోనికి జొరబడుచున్నది. గాస్కెట్టు స్లీవు అంచున కాలినదని గాని, హెడ్డు వంగినదని గాని, బీట పడినదని గాని తెలియవలెను. ఇట్టి బండి రేడియేటరు నీటిని పైకి తన్నును. పై గొట్టము ఇంజను వేడెక్కక మునుపే గట్టిపడును. ఉదయము స్టార్టు చేయగనే తెల్లని పొగ చాలసేపు వచ్చును.

ఆయిలు తేలుటయు లేదు, బుడగలును లేవు, నీరు మాత్రము తగ్గుచున్నది, ఆయిలు మాత్రము తెల్లబడుచున్నది. అప్పుడు నీటికిని చాంబరు ఖాళీకిని నడుమనున్న గోడను అనుమానింపవలెను. అచ్చట ఆయిలు ఒత్తిడి లేదు, మంట ఒత్తిడి లేదు. కావున నీరు ఒక వైపునకే కారును. స్లీవు వెలుపలి ముఖము నీటిలోనే తడియుచుండు జాతి ఇంజనులలో ఇట్టి కారుదలకు తొలి అనుమానము స్లీవు అడుగునున్న ఓరింగులమీదనే. రెండవది స్లీవునకు పడిన సూదిమొన చిల్లులు. పిస్టను కొట్టు దెబ్బకు స్లీవు అదరును. ఆ అదురుకు నీటిలో సన్నని బుడగలు పుట్టి పగులును. పగిలిన ప్రతిసారి ఇనుమును రవంత కొరుకును. సంవత్సరములు గడిచిన పిమ్మట ఒకనాడు చిల్లి ఆవలికి పోవును. ఒట్టి నీరు పోసిన ఇంజనులకు ఇది త్వరగా వచ్చును. స్లీవు నీటిని తాకని జాతి ఇంజనులకు ఓరింగుల బాధ లేదు. వానిలో బ్లాకు బీటను చూడవలెను. మీ బండి ఏ జాతిదో పుస్తకములో చూచి గాని స్పేరుపార్టుల అంగడిలో అడిగి గాని తెలిసికొనుడు. మెకానిక్కు మాటలను తూచుటకు ఇది మిక్కిలి పనికివచ్చును.

వాటరు పంపును గూర్చి ఒక్క మాట. పంపు క్రింద చిన్న కన్నమొకటి ఉండును. సీలు పోయినపుడు నీరు ఆ కన్నమునుండి బయటికి కారి మనకు తెలియుటకై పెట్టినది అది. కారుచున్నదని దానిని ఎంసీలుతో మూయువారు కలరు. గేర్లపెట్టెకు బిగించిన పంపులలో అట్లు మూసిన నీరు వేరు దారి లేక గేర్లగుండ చాంబరులోనికే పోవును.

కాగితముమీద చుక్క

త్రోవను నిశ్చయముగా చూపునది ఒత్తిడి పరీక్ష. నరసరావుపేట వంటి ఊళ్లలో మంచి వర్కుషాపులవారు దీనిని చేయగలరు. చేయుమని అడుగవలసినది మనము. ఆయిలు తీసి, చాంబరు దింపి, క్రిందినుండి కనబడు భాగములను తుడిచి ఆరబెట్టవలెను. రేడియేటరు నింపి, మూతకు బదులు గేజి గల చేతిపంపును బిగించి, మూతమీద వ్రాసియున్న పౌనులవరకు మాత్రమే గాలి కొట్టవలెను. అంతకు మించి కొట్టినచో పాత రేడియేటరే పగులును. ఇంజను క్రింద తెల్లకాగితములు పరచి, ఒకటి రెండు గంటలు, వీలైనచో రాత్రియంతయు ఉంచవలెను.

చుక్క స్లీవు వెలుపలి అంచునుండి జారినచో ఓరింగు. స్లీవు లోపలినుండి, పిస్టను ప్రక్కగా జారినచో పైనున్న గాస్కెట్టో, హెడ్డు బీటయో, స్లీవు చిల్లియో. నాజిళ్లు తీసి చిన్న దీపముతో చూచినచో పిస్టను తలమీద నీరు నిలిచినదో లేదో కనబడును. ముందువైపు గేర్లవద్దనుండి వచ్చినచో వాటరు పంపు. ఎన్నవ స్లీవు క్రింద చుక్క పడినదో కాగితముమీదనే వ్రాసి దాచుకొనవలెను. చల్లని ఇంజనులో ఏమియు కారకున్నచో వేడినీరు నింపి మరల చూడవలెను. కొన్ని బీటలు వేడికి గాని నోరు తెరువవు.

చాంబరు దించుటను గూర్చి మాత్రము హెచ్చరింపక తప్పదు. కొన్ని ట్రాక్టర్లలో చాంబరు ఒట్టి రేకు కాదు, ముందు ఇరుసు బరువు మోయు పోత ఇనుము. దానిని విప్పినచో బండి నడుమకు విరిగినట్లు వాలును. సరియైన మొద్దులు, స్టాండులు లేకుండ చేనిలో జాకీ ఒక్కటి పెట్టి దించుట ప్రాణాపాయము.

మన నీరు, మన రాయి

ఓరింగు ఊరకే చెడదు. హెడ్డు ఊరకే వంగదు. వానిని చెరచునది అధికమైన వేడి. వేడి యేల పుట్టినదని విచారింపక బాగుచేయించినచో అదే వ్యాధి మరల వచ్చును. పల్నాటిలో ఈ విచారణ తరచుగా నీటివద్దకే పోవును.

మనది సున్నపురాతి సీమ. పిడుగురాళ్ల సున్నపు బట్టీలు, దాచేపల్లి, మాచర్ల ప్రాంతముల సిమెంటు కర్మాగారములు, నాపరాతి గనులు అన్నియు ఆ రాతిమీద బ్రతుకుచున్నవే. ఆ రాతి పొరలలో ఊరిన బోరు నీటిలో సున్నము కరగియుండును. కాచినపుడు నీటిలోని బొగ్గుపులుసు గాలి వెడలిపోయి సున్నము తెల్లని పొక్కుగా గోడకు అంటును. నీళ్లు కాచు బిందె లోపల ఇల్లాండ్రు ప్రతి నెల గోకి తీయు పొక్కు ఇదియే. బిందెను గోకుటకు చేయి పట్టును. ఇంజను లోపలికి చేయి పట్టదు. పోత ఇనుముకంటె ఈ పొక్కు ఇరువది రెట్లు, అంతకు మించియు, వేడిని తక్కువగా పోనిచ్చును. గోరు మందము పొక్కు కట్టిన స్లీవు చుట్టు ఎంత నీరున్నను దానికి చల్లదనము అందదు. ఓరింగు ఉడికి గట్టిపడి పగులును.

దినమునకొక చెంబు బోరు నీరు క్రొత్తగా పోయుచుండుట అందుచేతనే చెడ్డది. ఒకసారి నింపిన నీటిలోని సున్నము ఒకసారి పేరుకొని ఊరకుండును. ప్రతి చెంబును క్రొత్త సున్నము తెచ్చును. కాలువ నీరు బోరు నీటికంటె మెత్తనిదైనను మడ్డి తెచ్చును. ఉత్తమమైనది బ్యాటరీకి పోయు డిస్టిల్డు నీటిలో కూలెంటును డబ్బామీద చెప్పిన పాళ్లలో కలిపి పోయుట, లేదా కలిపియే అమ్మునది కొనుట. మనకు మంచు గడ్డకట్టు దేశము కాదు గదా, కూలెంటు ఎందులకని అడుగువారు కలరు. కూలెంటు తుప్పును ఆపును, స్లీవు చిల్లులను తగ్గించును, నీరు మరుగు వేడిమిని పెంచును. మూతయు అట్టిదే. 7 పౌనుల మూత సరిగా పట్టియున్నపుడు ఒట్టి నీరైనను 100 డిగ్రీలకు గాక ఇంచుమించు 111 డిగ్రీలకు మరుగును. మూత రబ్బరు చినిగినదని గుడ్డ చుట్టి నడుపువారు ఆ పదకొండు డిగ్రీల రక్షణను పారవేసికొనుచున్నారు.

కారు రేడియేటరులో పసుపు పోయుట మన డ్రైవర్లకు పాత అలవాటు. రేడియేటరు గొట్టమునకు పడిన సన్నని చిల్లిని పసుపు తాత్కాలికముగా మూయుననుట నిజమే. అడవి దారిలో చిక్కుకొన్నపుడు ఇల్లు చేర్చును. గాస్కెట్టునకు గాని ఓరింగునకు గాని అది మందు కాదు. అదే పసుపు సన్నని గొట్టములలో అడ్డుపడి వేడిని ఇంకను పెంచును.

బాగుచేయించునపుడు, ఆ తరువాత

బాగుచేయు పని విస్తరించి వ్రాయము. హెడ్డు విప్పినచో అది సమముగా నున్నదో లేదో నిలువుకొలబద్ద, ఫీలరు గేజి పెట్టి చూపింపుమనవలెను. లేతు షాపులో నీటి ఒత్తిడి పెట్టి బీట పరీక్ష చేయింపవలెను. స్లీవు లాగినచో అది కూర్చుండు గాడిలోని సున్నము, తుప్పు పూర్తిగా గోకింపవలెను; గరుకు గాడిలో క్రొత్త ఓరింగు నెల నిలువదు. హెడ్డు బోల్టులను నడిమినుండి అంచులకు, రెండు మూడు విడతలుగా, పుస్తకములోని కొలతకు టార్కు రెంచితో బిగింపవలెను. చేతి అంచనా చాలునను మెకానిక్కునకు పాత పని ఎన్ని నాళ్లు నిలిచినదో అడుగుడు. చాంబరు దింపియుండగానే ఒకటి రెండు బేరింగు టోపీలు విప్పించి చూడవలెను. ఇప్పుడు చూచుట అరగంట పని. మరల చూడవలెనన్న మరల దింపవలెను.

తెల్లబడిన ఆయిలు ఇంజను సందులన్నిటిలో అంటియుండును. చాంబరు, జల్లెడ కడిగి, ఫిల్టరు క్రొత్తది వేసి, తక్కువ వెల ఆయిలైనను క్రొత్తది పోసి, బరువు లేకుండ అరగంట నడిపి, వేడిగానుండగానే దానిని తీసివేయవలెను. అది తెల్లగా వచ్చినచో మరియొకసారి. ఆ తరువాత మంచి ఆయిలు, మరల క్రొత్త ఫిల్టరు. కూలెంటు కలిసిన ఆయిలునకు ఇది ఇంకను అవసరము. కూలెంటులోని గ్లైకాలు ఆయిలుతో కలిసి బంకయై బేరింగుల దారులను మూయును. డీజిలు పోసి ఇంజను నడిపి కడుగుట మాత్రము మేము ఒప్పము. అప్పుడే బాగుచేసిన బేరింగుల మీద డీజిలు పొర నిలువదు.

తీసివేసిన కూలెంటును పశువులు త్రాగు తొట్టివద్ద గాని కుక్కలు తిరుగు చోట గాని పారబోయరాదు. గ్లైకాలు తియ్యగానుండును, కొంచెము త్రాగినను మూత్రపిండములు చెడి చచ్చును. పాత ఆయిలును డబ్బాలో పట్టి అంగడివానికి ఇచ్చివేయవలెను, బోదెలలో పోయరాదు.

మొదటి పది దినములు ఉదయముననే గేజి, రేడియేటరు రెండును చూచి ఒక కాగితముమీద వ్రాయవలెను. డ్రైవరు ఒకటి, యజమాని ఒకటి చూచుట కాదు. ఒక్కరే రెండును చూడవలెను. హెడ్డు బోల్టులను మరల బిగింపవలెనని పుస్తకములో నున్నచో చెప్పిన గంటలకు బిగింపవలెను. ఈ పనులన్నిటికి తగిన కాలము మిరపకాయ ట్రక్కులు గుంటూరు చేరి, తొలకరి దుక్కులకు ఇంకను వ్యవధి యున్న దినములు. అప్పుడు వర్కుషాపులలో రద్దీ తక్కువ. కాగితముమీద చుక్క పడువరకు రాత్రియంతయు వేచియుండుటకు మెకానిక్కును ఒప్పుకొనును.